తోక ఊపిన చుక్క

ఆ వారంలో అద్దాలాయన మబ్బుల్ని తిట్టినన్ని తిట్లు జన్మలో ఏ మనిషినీ తిట్టి ఉండడు.

అద్దాలాయన అంటే కూరగాయల కొట్టు పక్కన కళ్ళజోళ్ళ దుకాణం ఉంది చూడండి, ఆయన. కన్నవాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు ఒకటుంది గానీ వాడకం లేక దానికి తుప్పు పట్టిపోయింది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ అద్దాలాయనే. యాభై దాటిన మనిషి. ముక్కు మీద సీసా అడుగంత మందం అద్దాలు, గోళ్ళ సందుల్లో ఎంత రుద్దినా వదలని తెల్లటి పొడి. అద్దాలు అరగదీసే చక్రం ముందు ముప్పై ఏళ్ళు కూర్చుంటే ఆ పొడి ఒంటి రంగులో కలిసిపోతుంది మరి.

ఆయన తిట్లకి కారణం లేకపోలేదు. తోకచుక్క వచ్చింది. పొద్దు గుంకాక పడమటి దిక్కున, శుక్రుడికి కాస్త దిగువన, పది రోజులపాటు మామూలు కంటికే కనిపిస్తుందని రేడియోలో చెప్పారు. ఆ పది రోజులూ అయ్యాక వెళ్ళిపోతుంది. మళ్ళీ అది వచ్చేసరికి మన మునిమనవల మునిమనవలు కూడా ఉండరు. ఆ పదింట్లో ఏడు రోజుల్ని మబ్బులు మింగేశాయి. ఇక మిగిలినవి మూడంటే మూడు సాయంత్రాలు.

తను చూడకపోతే పోయె. అక్కకి చూపించాలి. అక్క ఎడమ కన్ను ఇప్పటికే పోయింది. కుడి కంట్లో, సరిగ్గా నడిమధ్యన, చిటికెడు చూపు మిగిలింది. ఆ చిటికెడూ ఆరిపోయేలోగా అక్క ఆ తోకచుక్కని చూడాలి. ఆమె చూపు అలా పోవడానికి కారణం తనేనని అద్దాలాయనకి తెలుసు. తెలిసిన మనిషి ఇంకొకరున్నారు, కంటి డాక్టరమ్మ. ఆవిడ కూడా ఆ మాట నోటితో అనలేదు. అని ఉంటే ఎంతో కొంత తేలికపడేవాడు.

అక్క ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ చిన్నప్పుడే పోయింది. నాన్న లారీ డ్రైవరు, ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. తమ్ముణ్ణి పెంచింది అక్కే. ఒక గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. వీధికంతా ఆమె మిషనక్క. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "వీణ్ణి మేపలేకే చస్తున్నాను, ఇంకొకణ్ణి కూడానా?" అని దారం పంటితో తెంపేది. మాట కూడా అక్కడికి తెగిపోయేది.

ఆమెకి ఒక్కటే పిచ్చి. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి మేడెక్కడం.

"రోజంతా సూది మొన చూసీ చూసీ కళ్ళు ఇరుకైపోతాయిరా. అంత దూరం చూస్తే కాస్త ఊపిరాడుతుంది," అనేది.

మిణుకుమిణుకుమంటే నక్షత్రం, మిణక్కుండా నిలకడగా చూస్తుంటే గ్రహం అని తమ్ముడికి నేర్పింది ఆమే. అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు శుక్రుడు, ఎర్రగా కోపంగా ఉన్నవాడు అంగారకుడు, దర్జాగా ఉన్నవాడు గురుడు, మొహం వేలాడేసుకున్నవాడు శని. ఆమె చెప్తుంటే వాళ్ళు కూడా ఇదే వీధిలో కాపురం ఉంటున్నట్టుండేది.

తమ్ముడికి ఏడేళ్ళప్పుడు ఒక తోకచుక్క వచ్చింది. అది తెల్లవారేముందు, తూర్పున. అక్క వాణ్ణి నిద్రలో ఉండగానే భుజానేసుకుని మేడ మీదికి తీసుకెళ్ళింది. చుట్టుపక్కల మేడల మీద జనం. "అబ్బ!" అని ఒకరు, "ఎంత పొడుగో చూడు!" అని ఒకరు.

"అదిగోరా, నీళ్ళ ట్యాంకు పైన. కనిపించిందా?"

వాడికి నీళ్ళ ట్యాంకే కనిపించలేదు. కానీ అంతమంది చూస్తున్నదాన్ని తనొక్కడూ చూడలేదంటే పరువేం కాను?

"ఆఁ, కనిపించింది!"

"ఎలా ఉంది?"

"తోక ఊపుతోందక్కా!"

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. "మావాడికి తోకచుక్క తోక కూడా ఊపిందండీ, బిస్కెట్ వెయ్యకపోయావురా అన్నాను!" రెండు రోజులు ఇదే ముచ్చట. మూడో రోజు మధ్యాహ్నం కాలరు కుడుతూ కుడుతూ మిషన్ ఆపేసింది. వాణ్ణి రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది.

"ఆ బస్సు మీద ఏం రాసుందిరా?"

"ఏ బస్సు?"

ఆ వారమే కళ్ళజోడు కొనిపెట్టింది. అది పెట్టుకుని మొదటిసారి మేడెక్కిన సాయంత్రం వాడు బిత్తరపోయాడు. అప్పటిదాకా చుక్కలంటే దూదిపింజల్లా ఉంటాయనుకున్నాడు పాపం. అన్నిటికీ సూదిలా మొన ఉంది. కానీ అప్పటికే తోకచుక్క వెళ్ళిపోయింది.

"పోనీలేరా, ఇంకోటొస్తుంది. అప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం," అంది అక్క. "తోక ఊపుతోందో లేదో అప్పుడు తేల్చుకుందాం."

ఆ తర్వాత ఒకటో రెండో వచ్చాయి. ఒకసారి ముసురు పట్టింది. ఇంకోసారి అద్దాలాయన పెళ్ళి, ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. చూద్దాంలే, ఇద్దరం ఎక్కడికి పోతాం అనుకున్నారు. ఆ చిన్నప్పటి కళ్ళజోడు మాత్రం ఆయన్ని ఊరికే వదల్లేదు. అద్దం ముక్క ఒకటి మనిషికి లోకాన్ని ఇలా తెచ్చిస్తుందా అని ఆ పనిలోకే దిగాడు. తన కొట్టు తను పెట్టుకున్న రోజు అక్క వచ్చి మొదటి కుర్చీలో కూర్చుంది. "నా కళ్ళు ముందు చూడరా. బోణీ నాదే."

అప్పటినుంచీ ఆమె కళ్ళు వేరే ఎవరూ చూడలేదు.

మూడేళ్ళ కిందట మొదలైంది. "సరిగా ఆనడం లేదురా," అంది అక్క. ఆయన కుర్చీలో కూర్చోబెట్టాడు. పరీక్ష ఫ్రేము ముక్కున పెట్టాడు. అద్దాలు ఒక్కొక్కటే మారుస్తూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అన్నాడు.

"ఇదే బాగుంది."

"సరిగ్గా చూసి చెప్పక్కా."

"చూసే చెప్తున్నారా. నువ్వు పెట్టింది బాగోకపోతే ఇంకేం బాగుంటుంది?"

గోడ మీద అక్షరాల చార్టు చివరి వరస దాకా గడగడా అప్పజెప్పేసింది. ఆయన పావు నంబరు మార్చాడు. కొట్లో ఉన్నవాటిలో నాణ్యమైన ఫ్రేము తీసి, తన చేత్తో అద్దాలు అరగదీసి బిగించి ఇచ్చాడు. ఆర్నెల్లకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ పావు. ఇంకో ఆర్నెల్లకి మళ్ళీ. ఆమె పెట్టెలో కళ్ళజోళ్ళు పోగుపడ్డాయి. "మీకేమమ్మా, ఇంట్లోనే డాక్టరు," అని ఎవరైనా అంటే ఆమె మొహం వెలిగిపోయేది.

ఈలోగా తలుపు చెక్క తగిలి భుజం కమిలింది. "తలుపుకి కాస్త దారివ్వక్కా, అదీ మనిషే," అని ఈయన హాస్యాలాడాడు. పక్కనే పడిన గుండీ కోసం ఆమె నేలంతా తడుముకుంటుంటే, "వయసు మీద పడుతోంది వదినా," అని ఈయన భార్య నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

నిరుడు గురుడూ శనీ ఒకరి పక్కన ఒకరు వచ్చి నిలబడ్డారు. అరుదైన ముచ్చట. అందరం చూశాం కదా. అక్క తల అటూ ఇటూ తిప్పుతూ, "ఏమిట్రా వీళ్ళు? గురుణ్ణి చూస్తే శని లేడు, శనిని చూస్తే గురుడు లేడు. ఇద్దరికీ పడటం లేదా?" అంది. "అసలు ఈమధ్య చుక్కలే తగ్గిపోయాయిరా."

"ఊళ్ళో లైట్లెక్కువయ్యాయక్కా. వెలుతురికి కనిపించవు," అన్నాడు అద్దాలాయన, అంతా తెలిసినవాడిలా. మర్నాడు ఇంకో జత అద్దాలు చేసిపెట్టాడు.

చివరికి ఎడమ పక్కనుంచి వచ్చిన సైకిలు ఆమెని గుద్దేసింది. చెయ్యి బెణికింది. కట్టు కట్టిన డాక్టరు, "అంత పెద్ద సైకిలు కనిపించలేదా అమ్మా?" అని అడిగి, అనుమానమొచ్చి కంటి డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

అక్కడ తెల్లటి గిన్నెలాంటి డబ్బాలో ఆమె తల పెట్టించారు. లోపల ఎక్కడెక్కడో చిన్న చిన్న వెలుగు చుక్కలు వస్తుంటాయి, వచ్చినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. అద్దాలాయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. యంత్రం టిక్కు టిక్కుమంటోంది. అక్క చెయ్యి కదలడం లేదు. ఎప్పుడో ఒకసారి బొటనవేలు నొక్కుతుంది, మళ్ళీ ఊరుకుంటుంది.

బయటికొచ్చి అక్క, "బాగుందిరా, అచ్చం మన మేడ మీద ఉన్నట్టుంది. చుక్కలు మాత్రం మరీ తక్కువ పెట్టారు," అంది.

నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి వెనకాల నరం ఎండిపోతుంది. అంచులనుంచి లోపలికి నలుపు కమ్ముకొస్తుంది. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది కాబట్టి అక్షరాలు చదివేస్తారు, మనిషికి తెలియదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది వీలైనన్నాళ్ళు నిలబెట్టడానికి మందు వెయ్యాలి.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించుకోలేదా అమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఎందుకు చూపించుకోలేదండీ? మా తమ్ముడే చూస్తాడు," అంది అక్క గొప్పగా. "వాడికి కళ్ళద్దాల కొట్టుంది. ఏడాదికి రెండుసార్లు చూస్తాడు."

డాక్టరమ్మ తలెత్తి అద్దాలాయన వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత కాయితం మీద మందు రాస్తూ ఉండిపోయింది.

ఆ రోజునుంచి ఆయనకి తిన్నది ఒంటబట్టలేదు. కొట్లో చార్టు వంక చూడకుండానే బేరాలు కానిచ్చేవాడు. అక్క గది అదే వీధిలో నాలుగిళ్ళ అవతల. పొద్దునా సాయంత్రం వెళ్ళి మందు వేసి వచ్చేవాడు. మిషన్ మీద గుడ్డ కప్పింది కప్పినట్టే ఉండేది. ఆమె ఏమీ అనేది కాదు. అదొక నరకం.

అప్పుడొచ్చింది తోకచుక్క కబురు.

మామూలు కంటికి కనిపించేదే అయినా అక్కకి అది చాలదు. పెద్దది చేసి చూపించాలి. అద్దాలాయన దుర్భిణి తయారీకి దిగాడు. ప్లస్ ఒకటి నంబరు అద్దం వెలుగుని సరిగ్గా మీటరు దూరంలో పోగుచేస్తుంది, అది ఆయనకి కంఠతా వచ్చిన సంగతే. నీళ్ళ పైపు ముక్క కోయించాడు. లోపల నల్ల కాయితం చుట్టాడు. ఒక చివర ప్లస్ ఒకటి అద్దం బిగించాడు. రెండో చివర గడియారాల మెకానిక్ కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం. నిలబెట్టడానికి, ఇంట్లో మూలపడి ఉన్న అక్క మొదటి కుట్టుమిషన్ ఇనప కాళ్ళు పనికొచ్చాయి. కాళ్ళంటే కాళ్ళే, భూకంపమొచ్చినా కదలవు.

పగలు పరీక్షించడానికి ఎదురింటి మేడ వైపు తిప్పాడు. ముందు ఆయన భార్య కన్ను పెట్టింది. పెట్టి కెవ్వుమంది.

"అయ్యో! ఎదురింటావిడ తలకిందులుగా నిలబడి బట్టలారేస్తోంది!"

"తలకిందులుగానే కనిపిస్తుంది. రెండు అద్దాల దుర్భిణి అంతే, కిందిది పైకి, పైది కిందికి."

"ఇంత శ్రమపడి లోకాన్ని తలకిందులు చేశారన్నమాట!"

"ఆకాశంలో పైనేమిటి, కిందేమిటి?" అన్నాడు ఆయన. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. చాలా రోజులకి ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది. అక్క ఆ సమయానికి అక్కడ లేదు.

ఎనిమిదో రోజూ మబ్బే. తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. నాలుగయ్యేసరికి ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. అద్దాలాయన చేతిలో ఉన్న ఫ్రేము ఉన్నపళంగా బల్ల మీద పెట్టి, ఎదురుగా ఉన్న మనిషితో "రేపు రండి," అనేసి కొట్టు మూసేశాడు.

"పదక్కా," అన్నాడు గుమ్మంలోంచే.

"ఎక్కడికిరా? కొంపలంటుకున్నట్టు ఆ తొందరేమిటి?"

"మేడ మీదికి. వచ్చింది."

ఎవరు వచ్చారని ఆమె అడగలేదు. లేచి, గోడ తడుముతూ చెప్పులు వెతుక్కుంది. జుట్టు సవరించుకుంది.

అద్దాలాయన ఉంటున్నది ఇద్దరూ పెరిగిన ఇంట్లోనే. ఆ మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "వదులు. పద్దెనిమిది మెట్లు, నిన్ను చంకనేసుకుని ఎక్కినదాన్ని." కానీ పదో మెట్టు దగ్గర ఆగి, ఆమే వెతుక్కుని ఆయన భుజం పట్టుకుంది. మరదలు ముందే కుర్చీ తెచ్చి వేసింది. "వదినా, బాగా చూడండి. ఈయన వారం రోజులుగా మమ్మల్ని బతకనివ్వడం లేదు," అని చెప్పి, టీ పెట్టడానికి కిందికి దిగింది.

సూర్యుడు మునిగాడు. పడమట నారింజ రంగు వెలిసి, బూడిద రంగు తేరింది. ముందు శుక్రుడు. ఎప్పటిలాగే అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

"ఉన్నాడా వాడు?" అంది అక్క.

"ఉన్నాడు."

"ఉండు, నేను పట్టుకుంటాను." ఆమె కుడి కన్ను కొంచెం కొంచెంగా కదుపుతూ, చీకటి గదిలో స్విచ్చు వెతికినట్టు ఆకాశమంతా వెతికింది. చాలాసేపటికి, "ఆఁ, దొరికాడు! నా ఒక్కగానొక్క చుక్క," అంది.

ఆ తర్వాత ఇంకాస్త చీకటి పడింది. శుక్రుడికి దిగువన, ఎదుటి మేడల అంచుకి కాస్త పైన, మొదట ఏమీ లేదు. తర్వాత ఏదో మరకలాంటిది. ఆ తర్వాత మరక కాదు. అద్దాలాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

కింద చిన్న తెల్లటి ముద్ద. దాన్నుంచి పైకి, సన్నగా మొదలై విచ్చుకుంటూ, పొగ కాని పొగ.

యాభై దాటిన మనిషి, జీవితంలో మొదటిసారి తోకచుక్కని చూస్తున్నాడు. అక్కతో కలిసి చూడాల్సింది ముందు తనొక్కడే చూసేసినందుకు సిగ్గేసింది.

గబగబా దుర్భిణి గురిపెట్టాడు. కన్ను పెట్టి, కదిపి, నడిమికి తెచ్చాడు. "రా అక్కా. ఇక్కడ కన్ను పెట్టు. పైపుని ముట్టుకోకు, జరిగిపోతుంది."

ఆమె వంగింది. ఎడమ కన్ను మూసుకుంది. అలవాటు కాబోలు, ఆ కన్ను మూసినా తెరిచినా ఇప్పుడు ఒకటే. కుడి కన్ను భూతద్దానికి ఆనించింది. అద్దాలాయన ఊపిరి బిగబట్టాడు. కొట్లో కుర్చీ పక్కన నిలబడి, పరీక్ష ఫ్రేములో అద్దం వేసి ఎదురుచూసినట్టే ఎదురుచూశాడు.

"కనిపించిందా?"

"ఉండరా." ఆమె తల రవంత అటు, రవంత ఇటు జరిపింది. ఒక నిమిషం. ఇంకో నిమిషం. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నారు. "ఉండు, ఉండు... ఆఁ."

"వచ్చిందా?"

"వచ్చిందిరా! అబ్బ!"

"ఎలా ఉంది?"

"తెల్లగా ఉందిరా. కింద ముద్దగా, పైకి తోక. చీపురు నిలబెట్టినట్టుంది. ఎంత బాగుందో!"

అద్దాలాయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. సాధించాడు. అక్క చూసింది. నలభై ఏళ్ళు దాటాక ఇద్దరూ కలిసి చూశారు. "చూశావా, చూశావా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. "నేనూ చూస్తానుండు," అని ఆమెని పక్కకి జరిపి తను కన్ను పెట్టాడు.

తోకచుక్క నడిమధ్యనే ఉంది, కదల్లేదు. తెల్లటి ముద్ద పైనుంది. తోక కిందికి వేలాడుతోంది.

ఆయన కన్ను తియ్యలేదు. తీస్తే అక్క మొహం చూడాలి.

పైది కిందికి, కిందిది పైకి. ఈ గొట్టంలోంచి చూసిన ఏ మనిషికైనా తోక కిందికే వేలాడుతుంది. పైకి ఉందని చెప్పిందంటే, ఆమె రేడియోలో విన్నది చెప్పింది. చిన్నప్పుడు నీళ్ళ ట్యాంకు పైన చూసింది చెప్పింది.

అలాగే వంగి ఉండగా ఆయనకి ఇంకో సంగతి తట్టింది. "ఇదే బాగుందిరా." ఎన్నిసార్లంది ఆ మాట! అద్దం మార్చినప్పుడల్లా, మార్చింది మంచిదైనా కాకపోయినా, ఇదే బాగుందిరా. తమ్ముడు తన చేత్తో చేసిచ్చింది కదా మరి. ఆయన అడిగిందల్లా అద్దం గురించి. ఆమె చెప్పిందల్లా తమ్ముడి గురించి.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఇద్దరూ సంతోషంగా కిందికి దిగి టీ తాగుతారు. ఆమెకి కావలసింది కూడా అదే. మూడేళ్ళూ అలాగే ఊరుకున్నారు.

"అక్కా."

"ఊఁ."

"తోక ఊపుతోందా?"

కింద స్కూటర్ స్టార్ట్ అయ్యి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా అక్క కదల్లేదు.

"ఊపుతోందిరా," అంది. నవ్వుదామనుకుంది కాబోలు, పెదాలు ఒంకర్లు పోయాయి. కుర్చీ చెయ్యి తడుముకుని కూర్చుంది. "ఎలా పట్టుకున్నావు?"

"నా దుర్భిణిలో అంతా తలకిందులు. తోక కిందికుంటుంది."

"ముందే చెప్పి ఏడవొద్దూ! కిందికే చెప్పేదాన్ని కదా."

అది హాస్యమే. కానీ ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. అద్దాలాయన ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"ఏం కనిపించిందక్కా నిజంగా?"

"నల్లగా. ఏదో మసక. నా కంట్లోదో, నీ గొట్టంలోదో తెలియలేదు. నువ్వేమో పక్కన ఊపిరి కూడా తియ్యకుండా నిలబడ్డావు. ఏం చెప్పమంటావు?"

"నావల్లే అక్కా. మూడేళ్ళు. ముందే పంపించి ఉంటే..."

కాదని ఆమె అంటుందనుకున్నాడు. నీ తప్పేముందిరా, నా రాత అంటుందనుకున్నాడు. ఆమె అనలేదు.

"చార్టు చూశావురా," అంది మెల్లిగా. "ప్రతిసారీ చార్టే చూశావు. నన్ను చూడలేదు. తలుపుకి గుద్దుకుంటే నవ్వావు. చుక్కలు తగ్గాయంటే లైట్లన్నావు. నాకు భయం వేసింది తెలుసా? రెండేళ్ళ కిందటే భయం వేసింది. చెప్తే నువ్వు చిన్నబోతావని ఊరుకున్నా. ఇంట్లో డాక్టరని ఊరంతా చెప్పుకున్నదాన్ని, వేరే డాక్టరు దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోను?"

ఆమె చెయ్యి చాచింది. గాలిలో కాస్త వెతికి ఆయన తల దొరకబుచ్చుకుంది. నిమరలేదు. ఊరికే బరువుగా పెట్టి ఉంచింది.

"బస్సు మీద ఏం రాసుందిరా అని అడిగా నిన్ను," అంది. "గుర్తుందా? అలా అడగాల్సిందిరా నువ్వు. అంతే."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు. కాసేపటికి ఆమె మొహం మీద నీళ్ళు కూడా చెంపల వెంబడి మెడ దాకా దిగాయి, తుడుచుకోలేదు. మరదలు టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఇద్దర్నీ చూసి, గ్లాసులు పిట్టగోడ మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయింది.

"సరే, లే," అంది అక్క చివరికి. "అది వెళ్ళిపోతుందేమో. చెప్పు ఎలా ఉందో. నాకు బాగుండాలని చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు. దుర్భిణి జోలికి వెళ్ళలేదు.

"శుక్రుడు దొరికాడా?"

ఆమె వెతికింది. "దొరికాడు."

"చెయ్యి చాపు. వాడినుంచి నాలుగు వేళ్ళు కిందికి రా. కొంచెం కుడికి. ఆఁ, అక్కడ." ఆమె వేలు పట్టుకుని సరిగ్గా దాని మీద ఆపాడు. "ముద్ద పెద్దదేం కాదు. నువ్వు చొక్కాలకి కుట్టే గుండీ అంత కూడా లేదు. తెలుపు కూడా కాదు, కాస్త పసుపు కొడుతోంది. తోక నేననుకున్నంత పొడుగు లేదక్కా. జానెడు ఉంటుంది. మొదట్లో చిక్కగా ఉండి, పోనుపోను ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు. పైన కాస్త ఎడమకి వంగింది."

"ఊపుతోందా?"

"లేదు. కదలడం లేదు. బొత్తిగా కదలడం లేదు."

"ఊఁ." ఆమె వేలు అలాగే చాచి ఉంచింది, దించలేదు. ఏమీ లేనిచోట కన్ను నిలిపి చూస్తూనే ఉంది. "చెప్పు, ఇంకా చెప్పు."

ఆయన చెప్పాడు. వెనక ఆకాశం ఏ రంగులో ఉందో చెప్పాడు. పక్కన కొత్తగా ఎన్ని చుక్కలు పొడిచాయో లెక్కపెట్టి చెప్పాడు. తోకలోంచి ఒక చిన్న చుక్క కనిపిస్తుంటే, పల్చటి గుడ్డలోంచి సూది మొన కనిపించినట్టుందని చెప్పాడు. ఆ ముక్కకి మాత్రం ఆమె తలూపింది. టీ చల్లారిపోయింది.

తోకచుక్క ఎదుటి మేడల వైపు దిగింది. ముందు ముద్ద పిట్టగోడని తాకింది. తర్వాత గోడ వెనక్కి జారింది. తోక ఒక్కటే కాసేపు గోడ మీద నిలబడింది. తర్వాత అదీ పల్చబడింది.

"ఉందా ఇంకా?" అంది అక్క.

ఉంది అనబోయాడు. ఆమె వేలు ఇంకా అక్కడే ఉంది మరి. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు.

"లేదక్కా. దిగిపోయింది."

ఆమె చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. రెండో చేత్తో ఆ వేలిని కాసేపు పట్టుకుంది.

"సరే, పద," అంది. "ముందు నువ్వు నడువు. మెట్టు మెట్టుకీ చెప్పు."